ఆగస్టు ఆరుకి రేవులో దీపాలు వదులుతానన్న మేనల్లుడికి

ఒరేయ్ బుజ్జీ,

ఆగస్టు ఆరున ఊళ్ళో హిరోషిమా రోజు జరుపుతావట. సాయంత్రం బడిపిల్లలందరి చేతా గోదారి పాయ వైనతేయ రేవులో దీపాలు వదిలిస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా ఇంటి పిల్లాడికి ఈ ఆలోచన వచ్చినందుకు ఛాతీ ఉబ్బింది. రేవు అన్న మాట వినగానే మాత్రం గుండెల్లో రాయి పడింది. ఈ ఉత్తరం ఆ రాయి గురించే.

ముందు చిల్లర పనులు. పోలీసు స్టేషన్లో ఒకటి, పంచాయతీలో ఒకటి వారం ముందే దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. హెడ్మాస్టరుగారిని జూలైలోనే కలువు, ఆగస్టు వస్తే ఆయన పంద్రాగస్టు హడావిడిలో దొరకరు. ఊడ్పులు ముమ్మరంగా ఉన్నా, శ్రావణ శుక్రవారం కలిసొచ్చినా జనం సగానికి సగం రారు, కుర్చీలు చూసుకుని పురమాయించు. టెంటు తప్పనిసరి.

మౌనం ఎప్పుడు పాటించాలన్న దగ్గర ఎవరో ఒకరు తెలివి చూపిస్తారు. హిరోషిమాలో బాంబు పేలింది 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కి. జపాను గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు కనక మనకది తెల్లవారుజామున 4.45. సరిగ్గా ఆ నిమిషానికే చేద్దామంటారు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు పెట్టకూడదు, ఆ చీకట్లో పిల్లల్ని రమ్మనకూడదు. మన గడియారంలో 8.15కే బడిగంట కొట్టించు. నిమిషం చాలు, రెండో నిమిషానికి వెనకబెంచీలో నవ్వులు మొదలవుతాయి. నాగసాకిలో 9వ తేదీ 11.02కి పేలింది, మనకి ఉదయం 7.32. అది అందరూ మర్చిపోయే ఊరు. ఆ రోజు ఇంకో సభ పెట్టే ఓపిక లేకపోతే కనీసం బోర్డు మీదైనా దానికి సగం చోటివ్వు.

ఇప్పుడు రేవు.

నీ ఆలోచన తప్పని అనను. హిరోషిమా కూడా డెల్టా ఊరే. ఓటా నది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలిన చోట కట్టిన పట్నం. ఒళ్ళు కాలినవాళ్ళు దాహం దాహం అంటూ ఆ పాయల్లోకే దిగారు, చాలామంది అక్కడే పోయారు. అందుకే అక్కడ ఏటా ఆరో తేదీ సాయంత్రం మోటోయాసు పాయలో కాగితపు దీపాలు వదులుతారు. అది చూసి మనం కూడా చేద్దామనుకోవడం వరకూ బాగానే ఉంది. ఇలాంటి సభలు పెట్టే ప్రతివాళ్ళూ చేసే పాత పొరపాటు దాని తరవాత మొదలవుతుంది. ఆ దేశపు నదిని ఫొటోలో చూసి, మన నదిలోకి పిల్లల్ని దింపుతారు.

కార్తీకమాసంలో ఊరంతా అరటిదొప్పల్లో దీపాలు వదలడం లేదా అంటావు. కార్తీకానికి గోదారి తగ్గి ఉంటుంది, మెట్లు ఆరి ఉంటాయి, నీళ్ళు తేటపడతాయి. ఆగస్టులో వచ్చేవి ఎర్రనీళ్ళు, అడుగున ఏముందో జానెడు లోతులో కూడా కనపడదు. 1986 వరద వచ్చింది ఆగస్టులోనే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక లేదు కదా, పరవాలేదు అనుకునేవాళ్ళే ఎక్కువ. హెచ్చరిక లేని రోజున కూడా నిన్నటిదాకా మునిగిన మెట్టు ఇవాళ తేలి ఉంటుంది. దాని మీద కంటికి కనపడని పాచి ఉంటుంది. నలభైమంది పిల్లలు చేతిలో వెలిగే దీపంతో, చూపంతా ఆ దీపం మీద పెట్టి, వెనకవాళ్ళు తోస్తుంటే ఆ మెట్టు మీద కాలు పెడతారు. పైనించి నలుగురు ఫోన్లు పట్టుకుని "ఇటు చూడండమ్మా" అని అరుస్తారు. ఒక్కరు జారితే పట్టుకోబోయి ఇద్దరు పడతారు. నీకేమో ఈత రాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

పోనీ పంట కాలువలో వదులుదాం అనకు. ఆగస్టులో కాలువ నిండా నీళ్ళు వదిలి ఉంటారు. లాకుల దిగువన సుడులుంటాయి, తూము దగ్గర నీరు లోపలికి లాగుతుంది. దీపాలు వంద గజాలు పోకుండానే గుర్రపుడెక్కకి చిక్కుకుని కుప్పపడతాయి. ఒకటి ఒరిగితే చాలు, పక్క కాగితాలన్నీ అంటుకుంటాయి. మర్నాడు ఆ చెత్తంతా రైతు తూములో తేలుతుంది. మంచినీళ్ళ చెరువు అసలే వద్దు. చేపల చెరువు గట్టు వానకి జారుడుబండలా ఉంటుంది, చెరువు రైతు ఒప్పుకోడు కూడా. గుడి కోనేరు అడిగితే కొందరు రారు. వచ్చేవాళ్ళు అది మన పండగే అనుకుంటారు.

అంచేత నా మాట విను. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి, ఇరవై అడుగులకి పదిహేను అడుగులది, చిరుగు లేనిది సంపాదించు. బడి ఆవరణలో పల్లం చూసి రాళ్ళూ పుల్లలూ ఏరించు. చుట్టూ ఇసుక బస్తాలు అడ్డంగా పేర్చి, బరకం అంచులు బస్తాల మీదుగా అవతలికి మడిచి, మడత మీద ఇంకో వరస బస్తాలు పెట్టు. పై వరస మరిస్తే నీటి బరువుకి అంచు లోపలికి జారి, అరగంటలో ఆవరణంతా బురదవుతుంది. లోపల అరడుగు నీళ్ళు చాలు, సుమారు మూడు వేల లీటర్లు పడతాయి. అరవై దీపాలు ఒకదానికొకటి తగలకుండా తేలతాయి. అరడుగే కదా అని వదిలెయ్యకు, అంగన్వాడీ పిల్లల వైపు ఒక పెద్దమనిషిని నిలబెట్టు. పక్కన రెండు బకెట్ల ఇసుక ఉండాలి. అయిపోయాక ఆ నీళ్ళు కొబ్బరిచెట్లకి పెట్టు. నదిలో వదిలితే ఉండే అందం వేరు అని నీ స్నేహితులు మూతి ముడుస్తారు, ముడవనీ. పిల్లల చావుల్ని తలుచుకునే రోజున ఒక పిల్ల కాలు జారితే, ఆ ఇంటికి వెళ్ళి ఏం చెప్తావురా?

నీ మీద కోప్పడ్డాననుకోకు. దీపం ఎలా కట్టాలో కూడా చెప్తాను, రాసి పెట్టుకో. గెల కొట్టేసిన అరటిచెట్టు బోదె, జానెడు వెడల్పుది తెప్పించు. నాలుగు వేళ్ళ మందాన బిళ్ళలుగా కోయించి, రాత్రంతా ఏటవాలుగా పెట్టి రసం కారనీ. లేకపోతే పిల్లల యూనిఫారాల మీద పడిన మరక జన్మలో పోదు. పల్చగా కోస్తే బిళ్ళ తల్లకిందులవుతుంది. నాలుగు మూలలా కొబ్బరి ఈనెలు గుచ్చు, ఒక్కో మూలకి రెండేసి కలిపి దారంతో చుట్టినవి. ఒంటి ఈనె గాలికి వంగి కాగితాన్ని మంట మీదకి తెస్తుంది. ఈనెకీ ఈనెకీ మధ్య అయిదున్నర అంగుళాలు ఉండాలి. వాటి చుట్టూ గాలిపటాల కాగితం, 23 అంగుళాల పొడవు, 7 అంగుళాల ఎత్తు ముక్క. కాగితం అడుగు అంచు బోదెకి రెండు వేళ్ళ పైన ఉండాలి, తాకితే తడి పీల్చుకుని అరగంటలో కూలుతుంది. పైన తెరిచే ఉంచు. మైదా జిగురు ఈ ముసురులో ఒక రాత్రికి ఆరదు, రెండు రోజుల ముందే అంటించు. ప్రమిదలో నూనె వద్దు, తొణుకుతుంది. చిన్న అల్యూమినియం గిన్నెలో వచ్చే మైనపు దీపాలు సరిగ్గా నడిమధ్యన పెట్టు. పిల్లలు కాగితం మీద ఏదైనా రాస్తామంటే మైనపు రంగులతో రాయించు, అదీ అంటించక ముందే. స్కెచ్ పెన్ను చినుకు పడితే కారిపోతుంది.

కాగితపు కొంగలు కూడా చేయిస్తావని విన్నాను. ఆ కొంగలకి మూలమైన హిరోషిమా పిల్ల సడాకో ససాకికి బాంబు పడినప్పుడు రెండేళ్ళు. రక్తపు కాన్సరుతో 1955 అక్టోబరు 25న, పన్నెండేళ్ళకి పోయింది. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని నమ్మి ఆస్పత్రిలో మడిచిందనీ, వెయ్యి పూర్తికాకుండానే పోయిందనీ ఒక కథ తిరుగుతుంటుంది. నిజానికి ఆ పిల్ల వెయ్యి దాటించిందని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆ ముక్క సరిగ్గా చెప్పు. వెయ్యి కావాలంటే నలభైమంది తలా పాతిక చెయ్యాలి, కొత్త చేతులకి ఒక్కోటి పది నిమిషాలు పడుతుంది. పదిహేను సెంటీమీటర్ల చదరం కాగితం కావాలి, ఒక్క అర సెంటీమీటరు తేడా ఉన్నా ముక్కు దగ్గర మడత కుదరదు. న్యూస్ పేపరు ఈ చెమ్మకి వాలిపోతుంది. దారానికి నలభై చొప్పున పాతిక దారాలు. పిల్లలకి విసుగొస్తే మూడొందలతో ఆపెయ్యి, ఎవరూ లెక్కపెట్టరు.

బోర్డుల మీద మాత్రం లెక్క తప్పకూడదు. మన ఊళ్ళో రిటైరైన టీచర్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు, ఒక్క తప్పు దొరికితే మిగతా బోర్డులు చదవరు. హిరోషిమాలో లక్షా నలభై వేల మంది అన్నది ఆ ఏడాది చివరికి పోయినవాళ్ళ అంచనా, ఒక్క రోజుది కాదు. నాగసాకిలో అదే లెక్కన డెబ్బై వేల పైన. మొదటిది యురేనియం బాంబు, సుమారు 15 కిలోటన్నులు, అంటే 15 వేల టన్నుల పేలుడుమందు బలం. రెండోది ప్లుటోనియం, సుమారు 21. హిరోషిమా అని రాసి అందరూ అంటించే నిలువెత్తు పుట్టగొడుగు మబ్బు నాగసాకిది. చుట్టూ ఓడలు కనపడే ఫొటో 1946 జూలైలో బికినీ దీవుల దగ్గర చేసిన పరీక్షది. కాలిన శరీరాల ఫొటోలు చిన్న తరగతులకి వద్దు, రాత్రి నిద్రపోరు. ఒక టిఫిన్ డబ్బా చూపించు. ఇళ్ళు కూల్చే పనికి తీసుకెళ్ళిన పదమూడేళ్ళ కుర్రాడిది, లోపల అన్నం బొగ్గయిపోయి ఉంటుంది, హిరోషిమా మ్యూజియంలో ఉంది. మన ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల ఈడే. వాళ్ళ సంచీలో కూడా అలాంటి డబ్బాయే ఉంటుంది, ఇంకేం చెప్పక్కర్లేదు.

సభలో ఒక పెద్దాయన లేచి, జపానువాళ్ళు కాకినాడ మీద బాంబులు వెయ్యలేదా అని తప్పకుండా అడుగుతాడు. వేశారు, 1942 ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా. అవునని ఒప్పుకో, నీళ్ళు నమలకు. జపాను సైన్యం చేసిన ఘోరాలు చిన్నవి కావు. హిరోషిమాలో పోయినవాళ్ళలో జపాను పాలనలో మగ్గిన కొరియావాళ్ళు వేలల్లో ఉన్నారని కూడా చెప్పు. ఇంకొకాయన పాశర్లపూడి గ్యాసు బావి మంట ఎత్తుతాడు. 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది, మన వైపు ఎవరూ మర్చిపోలేదు. అక్కడ జనం ఊళ్ళు ఖాళీ చేసి పోగలిగారు. హిరోషిమాలో పేలుడు కింద నేల మూడు నాలుగు వేల డిగ్రీలకి చేరడానికి పట్టింది క్షణాలు, పారిపోవడమన్న మాటే లేదు. కంటికి కనపడని విషం తరవాత ఏళ్ళ తరబడి చంపింది.

మూడో ప్రశ్న, మన దేశం దగ్గర లేవా అన్నది. ఉన్నాయి. 1974లో ఒకసారి, 1998 మే 11, 13 తేదీల్లో ఇంకోసారి పోఖ్రాన్‌లో పరీక్షించాం. నెలాఖరుకి పాకిస్తాన్ పరీక్షించింది. లోకంలో తొమ్మిది దేశాల దగ్గర కలిపి 12 వేల పైచిలుకు ఉన్నాయి, అందులో పది వంతుల్లో తొమ్మిది వంతులు దాదాపుగా రష్యా, అమెరికాలవే. వీటిని నిషేధించే ఒప్పందం 2017లో 122 దేశాల ఓటుతో వచ్చింది, 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. అణ్వాయుధాలున్న దేశం ఒక్కటీ అందులో చేరలేదు, మనమూ చేరలేదు. అయినా ఇది దేశద్రోహం మాట అని ఎవడైనా గొంతు పెంచితే, 1988 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో అణ్వాయుధాలన్నీ తీసెయ్యడానికి ప్రణాళిక పెట్టింది మన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీయేనని చెప్పి కూచో. పార్టీలవాళ్ళని వేదిక ఎక్కించకు, ఒకర్ని పిలిస్తే ఇద్దరు అలుగుతారు. కొవ్వాడ అణువిద్యుత్తు గురించి అడిగితే ఇంకో రోజు మాట్లాడదామను. రెండూ కలిపావా, రెండూ తెగవు.

ఉపన్యాసం పావుగంట మించకూడదు. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వేటకెళ్ళేవాళ్ళు వస్తారు కనక ఇది చెప్పు. 1954 మార్చి 1న బికినీలో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. నిషేధించిన హద్దుకి అవతల చేపలు పడుతున్న ఒక జపాను పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలో 23 మంది, అందరికీ జబ్బు చేసింది, రేడియో చూసుకునే కుబోయామా ఆ సెప్టెంబరులో పోయాడు. వాళ్ళు పట్టుకొచ్చిన చేపల్ని పారేశారు, ఆ ఏడు జపానులో చేప తినడానికి జనం భయపడ్డారు. బాంబు పరీక్షలు ఆపండని నెహ్రూ ఏప్రిల్ 2న పార్లమెంటులో అడిగింది దాని తరవాతే. వల వేసే మనిషికి కిలోటన్నులు వివరించక్కర్లేదు, సముద్రంలో బూడిద పడిందంటే తెలుస్తుంది.

ఈనెలు నువ్వు కొనకు. మా దొడ్లో కమ్మలు పడి ఉన్నాయి, అయిదొందల ఈనెలు చీరించి, కట్టగట్టి శనివారం పాలకొల్లు బస్సులో పంపుతాను, కండక్టరుకి నీ నంబరు ఇస్తాను. అరవై దీపాలకి 480 కావాలి, తక్కినవి విరిగినవాటికి. మైకువాడికి ముందు సగమే ఇవ్వు. బరకం ఎక్కడ పరిచావో ఫొటో పెట్టు, రేవు ఫొటో వచ్చిందంటే మాత్రం మొదటి బస్సుకే దిగుతాను.

మీ అత్త