హీబ్రూలో ‘నేను వచ్చినప్పుడు’ అనాలంటే సర్వనామం ఎక్కడ చేరుతుంది?

వాడుక హీబ్రూలో ‘క్షె’ (‘వచ్చినప్పుడు’లోని ‘-అప్పుడు’), ‘అహరే షె’ (తర్వాత) వంటి కాలసూచక పదాలకు సర్వనామ ప్రత్యయం చేరదు. సర్వనామం వాటి తర్వాత పూర్తి రూపంలో వస్తుంది, లేదా క్రియలోనే పురుష తెలిసిపోతే లోపిస్తుంది. వర్తమానకాల క్రియ లింగవచనాలనే తప్ప పురుషను చూపదు కనుక ‘క్షె-అని బా’ (నేను వచ్చేటప్పుడు, మగవారి మాటలో) అనేచోట ‘అని’ అవసరమవుతుంది. భూతకాలంలో మాత్రం చివరి ‘తి’యే ‘నేను’ను తెలుపుతుంది కనుక ‘క్షె-బాతి’ (నేను వచ్చినప్పుడు) అంటే చాలు.

‘అహరాయ్’కి ‘నా తర్వాత’ అని అర్థం ఉండటం చూసి, దానికి క్రియ చేర్చి ‘నేను తిన్న తర్వాత’ అనవచ్చని చాలామంది పొరబడతారు. ‘అహరాయ్’ నామవాచక, సర్వనామాలతోనే కలిసే విభక్తి వంటి పదమే. క్రియతో కలపాలంటే వాక్యాలను జోడించే ‘షె’ కావాలి, అంటే ‘అహరే షె-అఖల్తి’ అనాలి. బైబిలులో కనిపించే ‘బెషూవి’ (నేను తిరిగి వచ్చినప్పుడు) వంటి ప్రత్యయరూపాలు నేటి సంభాషణలో కృతకంగా వినిపిస్తాయి.