పాత మారుతి బ్రేకు గురించి స్వాతికి

చి. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతోందనీ, రెండు మూడు సార్లు కొడితే గట్టిపడుతోందనీ రాశావు. అలా కొట్టుకుంటూనే వేళచ్చేరి నుంచి గిండీకి ఆఫీసుకు వెళ్తున్నానన్నావు చూడు, అది చదివాక నాకు మనసు మనసులో లేదు. ముందు ఆ పని మానెయ్యి. రెండోసారి తొక్కేంత టైమ్ రోడ్డు మీద ప్రతిసారీ దొరకదు. బాగయ్యేదాకా బస్సులో వెళ్లు.

మీ వీధి మెకానిక్ "ఎయిర్ తీస్తే చాలు, అరగంట పని" అన్నాడట. ఎయిర్ ఉండే ఉంటుంది. కానీ బ్రేక్ లైన్‌లోకి, అంటే ఆయిల్ నడిచే గొట్టాల్లోకి, గాలి ఊరికే రాదమ్మా. ఎవరో లైన్ విప్పి సరిగా బిగించకపోయి ఉండాలి, పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ అడుగంటి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. ఆ దారి పట్టుకోకుండా ఎయిర్ తీయిస్తే కొన్నాళ్లకు మళ్లీ ఇదే కథ. అందుకని స్పానర్ పట్టుకునే ముందు వెతకడానికి ఒక పూట కేటాయించు.

సగం సంగతి కాలికే తెలుస్తుంది. పెడల్ స్ప్రింగులా ఊగుతూ, కొట్టినకొద్దీ పైకి లేస్తే గాలి. కిందిదాకా వెళ్లి అక్కడ గట్టిగా ఆగితే వెనక చక్రాల డ్రమ్ముల్లో షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపేవి) అరిగి గ్యాప్ పెరిగిందని అర్థం, అది అడ్జస్ట్‌మెంట్‌తో పోతుంది. గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా దిగిపోతోందా? బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) లోపలి రబ్బర్లు పోయినట్టే. సిటీలో బాగానే ఉండి, ఘాట్ దిగేటప్పుడు మెత్తబడి, కారు చల్లారాక మళ్లీ మామూలైతే ఆయిల్‌లో నీళ్లు చేరాయన్నమాట.

ఈ నీళ్ల సంగతి చెన్నైలో ఉన్నవాళ్లు బాగా పట్టించుకోవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు 3.7 శాతం చేరితే చాలు, ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే లెక్కలు 230, 155. దిగుడులో బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడి రావడం పెద్ద కష్టం కాదు. ఆయిల్ మరిగి ఆవిరైతే ఆ ఆవిరి గాలిలాగే నొక్కుకుపోతుంది, బ్రేకు పట్టదు. సెలవుల్లో ఏలగిరి వెళ్తామన్నారు కదా, అక్కడ 14 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. దిగేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, కారు కదలకుండా నిలబెట్టినా సరే. మూత తీసి చూడు, కాఫీ రంగుకు తిరిగి ఉంటే ఇంకో పరీక్ష అక్కర్లేదు.

ఇక కారే చోట్లు. మీ కారుకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వానల్లో నిలబెట్టిన కార్లలో నేను మొదట అనుమానించేది వెనక వీల్ సిలిండర్లనే, అంటే డ్రమ్ము లోపల షూలను నెట్టే చిన్న సిలిండర్లను. డ్రమ్ము తీసి, సిలిండర్ చివరి రబ్బరు టోపీని మెల్లగా పక్కకి తొలగించి చూడు. లోపల తడి ఉంటే అది పోయినట్టే. తర్వాత డ్రైవర్ వైపు కార్పెట్ ఎత్తి, పెడల్ రాడ్డు లోపలికి వెళ్లే చోట వేలు పెట్టి చూడు. అక్కడి తడి మాస్టర్ సిలిండర్ వెనక నుంచి వస్తుంది. అల్లుణ్ణి బ్రేకు తొక్కమని, నువ్వు చక్రాల దగ్గరి రబ్బరు హోస్‌లు గమనించు. తొక్కినప్పుడు ఉబ్బినా, పైన పగుళ్లున్నా మార్చాల్సిందే.

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగింది. ఆఖర్న వచ్చిన కార్ల రబ్బరుకు కూడా వయసైపోయింది. సామాన్లకు జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లు. పాత డోరో, అద్దమో కావాలంటే పుదుప్పేట మంచిదే గానీ, బ్రేకు భాగాలు మాత్రం సెకండ్ హ్యాండ్‌వి కొనొద్దు. ఆయిల్ చిన్న సీల్డ్ డబ్బాలు తీసుకో, విప్పి దాచినది వాడకు. కారులోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే వాడు. డాట్ 5 అనేది సిలికాన్‌ది, దాన్ని దీనిలో కలపకూడదు. రబ్బర్లను పెట్రోల్‌తో కడగనివ్వకు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే తుడవాలి.

లీకు బాగుచేశాకే ఎయిర్ తీయడం. కారు ఎత్తితే స్టాండ్ల మీద నిలబెట్టండి, ఒక్క జాకీని నమ్మొద్దు. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కారు పుస్తకంలో వేరే వరస ఉంటే అదే పాటించండి. చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది, దాన్నే నిపుల్ అంటారు; దానికి పారదర్శకమైన ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలోని ఆయిల్‌లో మునిగేట్టు పెట్టు. అల్లుడు తొక్కి పట్టుకోవాలి, నువ్వు నిపుల్ వదులు చెయ్యి, బిగించు, ఆ తర్వాతే అతను కాలు ఎత్తాలి. నువ్వు బిగించి "కాలు ఎత్తు" అనేదాకా ఎత్తకూడదు, లేదంటే గాలి వెనక్కి లాక్కుంటుంది. బుడగలు ఆగి కొత్త ఆయిల్ వచ్చేదాకా ఇంతే. మధ్యమధ్యలో పైడబ్బా నింపుతూ ఉండాలి.

చాలామంది మెకానిక్‌లు పట్టించుకోనిది ఒకటుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ రబ్బరు తిరిగే మేరే నున్నగా ఉంటుంది, దాని అవతల తుప్పు. ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలకు తొక్కేస్తే రబ్బరు ఆ తుప్పు మీదికెళ్లి కోసుకుపోతుంది. పొద్దున బాగున్న సిలిండర్ సాయంత్రానికి పోవడానికి ఇదే కారణం.

ఎంత తీసినా ముందు చక్రాల్లో మెత్తదనం పోకపోతే కాలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) నిపుల్ ఎటుందో చూడు. అది పైభాగంలో ఉండాలి. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారు చేసి బిగిస్తే నిపుల్ కిందికొస్తుంది, పైన చిక్కిన గాలి ఎప్పటికీ రాదు.

ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. అంతా అయ్యాక, ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుని, ప్రతి నిపుల్, ప్రతి జాయింట్ దగ్గర టార్చితో చూడండి. తర్వాత ఖాళీ వీధిలో నడక వేగంతో, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యేసి నడిపి చూడండి.

ఆదివారం పొద్దున డ్రమ్ములు తీశాక వీడియో కాల్ చెయ్యి. వీల్ సిలిండర్ రెండు చివరలూ నాకు చూపించు. అది చూశాకే రబ్బర్ల కిట్టు కొనాలా, సిలిండరే మార్చాలా చెప్తాను.

మీ
పెదనాన్న