తోట కోసం అప్పు చేయవచ్చా?

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర 300 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. పిల్లలకు నాలుగేళ్లు, ఏడాది. ఇంటి చుట్టూ ఖాళీ స్థలాన్ని తోటగా తీర్చిదిద్దడానికి 6 లక్షలవుతుందని డిజైనర్ కొటేషన్ ఇచ్చారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.30 లక్షలు, గృహరుణ ఈఎంఐ 42,000, ఇంటి ఖర్చులు 55,000. ఎఫ్‌డీలో ఉన్న 3.5 లక్షల నుంచి 2 లక్షలు తీసి, మిగతా 4 లక్షలకు 14 శాతం వడ్డీపై మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఆ రుణానికి ఈఎంఐ సుమారు 13,670 రూపాయలు పడుతుంది, వడ్డీయే 92,000 దాటుతుంది. మీకు నెలకు మిగిలే 33,000లో ఇది పెద్ద కోతే. దానికన్నా ముఖ్యమైన విషయం, ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 97,000 కాబట్టి ఆరు నెలల అత్యవసర నిధికి 5.82 లక్షలు కావాలి; ఉన్న ఎఫ్‌డీ నాలుగు నెలలకైనా చాలదు, దాన్ని కదపకండి. గృహరుణంపై అదనంగా తీసుకునే టాప్‌అప్ రుణానికి వడ్డీ తక్కువే అయినా తోట కోసం అదీ అనవసరం. పన్ను ఆదా అవుతుందని ఎవరైనా చెబితే, కొత్త పన్ను విధానంలో సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదని గుర్తుంచుకోండి.

మీరు పంపిన కొటేషన్‌లో లాన్, ఫౌంటెన్, పెర్గోలా (తీగలు పాకించే పందిరి), టైల్స్, లైట్లు ఉన్నాయి కానీ ఇంకుడు గుంత ఊసే లేదు, తోటమాలి జీతమూ లేదు. వారానికి రెండుసార్లు వచ్చే మనిషికి నెలకు 3,000 ఇచ్చినా ఏడాదికి 36,000 అవుతుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటితే లాన్‌ను బతికించడానికి ట్యాంకర్లు తెప్పించాలి, ఆ ఖర్చు ఏటా తప్పదు. అందుకే పిల్లలు ఆడుకునేంత మేరకే గడ్డి వేయించి, మిగతా చోట జామ, నిమ్మ, కరివేపాకు, మల్లె వంటివి పెంచమంటాను. ఏడాది బిడ్డ ఉన్న ఇంట్లో నీటి తొట్టి ప్రమాదం కనుక ఫౌంటెన్‌ను పూర్తిగా తీసేయించండి. గన్నేరు విషపూరితం, అందంగా ఉందని దాన్నీ నాటనివ్వకండి.

నెలకు 15,000 అత్యవసర నిధికి, 12,000 తోట కోసం రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించి, మిగిలిన 6,000 పెద్దబిడ్డ స్కూలు ఫీజుకు ఉంచండి. పది నెలల్లో తోటకు 1.20 లక్షలు, కొంత వడ్డీ చేతికొస్తాయి. ఆ డబ్బుతో ముందుగా నేల మట్టం, ఇంకుడు గుంత, నీటి పైపులు, కరెంటు తీగల గొట్టాలు పూర్తి చేయించండి, ఎందుకంటే టైల్స్ వేశాక వీటికోసం మళ్లీ తవ్వడమంటే రెండుసార్లు డబ్బు పోసినట్లే. మొక్కలు మృగశిర కార్తె దాటి వానలు కుదురుకున్నాక నాటితే నీటి ఖర్చు తగ్గుతుంది. డిజైనర్ ద్వారా కాకుండా కడియం నర్సరీల ధరలు కనుక్కుని బేరమాడండి. పెర్గోలా, లైట్లు అత్యవసర నిధి నిండాక చూసుకోవచ్చు.

కాంట్రాక్టరుకు పని జరిగిన మేరకే విడతలుగా చెల్లించండి. కొటేషన్ ధరలో జీఎస్టీ కలిసి ఉందో లేదో, ఎండిన మొక్కలకు బదులు ఎన్నాళ్లవరకు ఇస్తారో కాగితంపై రాయించుకుని, చివరి పదో వంతును మొక్కలు వేళ్లూనుకున్నాకే ఇవ్వండి.