మంట వచ్చినా స్టార్టర్ ఆపరా?

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ శిక్షణలో సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నాడు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజనులో మంట వస్తే స్టార్టర్ ఆపకుండా తిప్పుతూనే ఉండాలని నేర్పారట. వెంటనే దిగి పారిపోవద్దా? ఆకాశంలో మంట వస్తే ఏం చేస్తారు?
– ఒక తండ్రి, కావలి

సమాధానం: మీ ఆందోళన అర్థమైంది, అయినా వారు నేర్పినదే సరైన పద్ధతి. కందుకూరు రోడ్డు షెడ్లలో మెకానిక్ పాత జీపు కార్బొరేటరు నోట్లో కాస్త పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టినప్పుడు భగ్గున లేచిన మంట, ఇంజను అందుకోగానే లోపలికి పోవడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే.

పాత సెస్నా 172లలో కార్బొరేటరు ఇంజను అడుగున ఉంటుంది, గాలి కింది నుంచి పైకి పోతుంది. చలి ఉదయం ఇంజను అందుకోకపోతే, బైకు ఎక్సిలరేటర్ తిప్పే అలవాటుతో కొత్తవారు థ్రాటిల్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. ఆడించినప్పుడల్లా లోపలి చిన్న పంపు పెట్రోలు చిమ్ముతుంది, ఇంజను తిరగనందువల్ల అది పైకి పోక కిందికి జారి నిలిచిపోతుంది. ముక్కు కింద నేల మీద నీలి చుక్కలు పడుతున్నాయంటే అర్థమదే, ఎందుకంటే ఈ విమానాల్లో వాడే 100ఎల్ఎల్ రకం పెట్రోలు నీలంగా ఉంటుంది. ఆ స్థితిలో ఇంజను ఒక్కసారి బ్యాక్‌ఫైర్ కొడితే, అంటే మంటను వెనక్కి కార్బొరేటరులోకి తన్నితే చాలు, మంట అంటుకుంటుంది. స్టార్టర్ తిరుగుతున్నంతసేపూ సిలిండర్లు ఆ మంటనూ, మిగిలిన పెట్రోలునూ లోపలికి పీల్చుకుంటాయి. ఆపితే మంట బయటే ఉండి గొట్టాలనూ వైర్లనూ అందుకుంటుంది. ఇంజను స్టార్టయితే కొద్ది నిమిషాలు నడిపి, ఆపి, తనిఖీ చేయించాలి. స్టార్ట్ కాకపోతే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజనుకు పెట్రోలు అందకుండా ఆపే మిక్స్చర్ నాబ్ వెనక్కి లాగి, మరికొంత తిప్పి, ఆ తరువాత పెట్రోలు వాల్వూ స్విచ్చులూ కట్టేసి దిగిపోవాలి. పారిపోవడం తప్పు కాదు. పెట్రోలు కట్టకుండా పారిపోవడమే తప్పు.

ఆకాశంలో మంట రావడం చాలా అరుదు. పెట్రోలు గొట్టం పగిలో, బిగింపు వదులయ్యో కారినది వేడి ఎగ్జాస్టు మీద పడితే వస్తుంది. అప్పుడు మిక్స్చర్, పెట్రోలు వాల్వు, కరెంటంతా ఆపే మాస్టర్ స్విచ్ కట్టేయాలి. కాక్‌పిట్ హీటరునూ మూసేయాలి, ఎందుకంటే దానికి గాలి ఇంజను వైపు నుంచే వస్తుంది, దానితో పొగ కూడా వస్తుంది. గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగంతో కిందికి దిగుతూ, మంట ఆరకపోతే, గాలి దాన్ని ఆర్పేంతగా వేగం ఇంకా పెంచాలి. ఈలోగా పైలట్‌ను కాచేది ఇంజను వెనుక ఉండే ఉక్కు అడ్డుగోడ. నేల మీద తిప్పమన్న ఇంజనునే, ఇక్కడ మంట ఆరినా మళ్లీ స్టార్ట్ చేయకూడదు. కారిన చోటికే తిరిగి పెట్రోలు పంపినట్లవుతుంది. ఇంజను లేకుండానే అనువైన పొలం చూసుకుని దింపాలి.

1996 తరువాతి 172లలో కార్బొరేటరు లేదు, పెట్రోలును నేరుగా సిలిండర్ల దగ్గరే చిమ్మే ఇంజెక్షన్ ఉంది. స్టార్టింగు పద్ధతి కొంత వేరు. మీ అబ్బాయి నడిపేది ఏ రకమో అడగండి, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఈ వరుసంతా పుస్తకం చూడకుండా ఒకసారి చెప్పమనండి.