ఆసుపత్రి గాలిలోని రసాయనాలను కొలిచే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మ ఎండోస్కోపీ విభాగంలో స్టాఫ్ నర్సు. పరికరాలను ముంచే గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక రసాయనం వల్ల కళ్లు మండుతున్నాయంటుంది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇలాంటి రసాయనాలను కొలిచే ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయి. పనిచేసే చోట ఆరోగ్యానికి హాని చేసేవాటిని గుర్తించి, కొలిచి, అదుపు చేసే ఈ రంగాన్ని ఇండస్ట్రియల్ హైజీన్ అంటారు. అయితే ఆసుపత్రులు ఈ పేరుతో నేరుగా ఉద్యోగ ప్రకటనలివ్వడం మన దగ్గర అరుదు. ముందుగా హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల్లోని ఫార్మా పరిశ్రమలో పని నేర్చుకుని, ఆ అనుభవంతో ఆసుపత్రుల వైపు రావడమే మీకు అనువైన దారి అని నా అభిప్రాయం.

పని తీరు చూడండి. పాథాలజీ ల్యాబ్‌లో ఫార్మలిన్‌తో (ఫార్మాల్డిహైడ్ కలిసిన నీటి ద్రావణం) పనిచేసే టెక్నీషియన్ నడుముకు చిన్న పంపు కట్టి, ఆయన పీల్చే గాలే నమూనాగా అందేలా కాలరు దగ్గర శోషక గొట్టం తగిలిస్తారు. పంపు ఎంత గాలి లాగుతోందో పనికి ముందూ తర్వాతా సరిచూడకపోతే ఆ రోజు శ్రమంతా వృథా. ఫార్మాల్డిహైడ్‌కు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా విధించిన పరిమితి ఎనిమిది గంటల సగటున 0.75 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 0.75 భాగం), పదిహేను నిమిషాల సగటున 2 పీపీఎం. రోజు సగటు తక్కువగానే కనిపించినా, ఫార్మలిన్ ఒంపే ఆ కొద్ది నిమిషాల్లో మోతాదు ఎగబాకవచ్చు కనుక రెండూ విడివిడిగా కొలవాలి. క్యాన్సర్ మందుల విషయంలో గాలి నమూనా ఒక్కటే చాలదు. మందు కలిపే బల్లనూ తలుపు పిడినీ తుడిచిన నమూనాలను ల్యాబ్‌లో పరీక్షిస్తారు.

చదువు విషయానికొస్తే, ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ మంచి పునాది. మిశ్రమంలోని రసాయనాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని విద్యార్థుల చేత స్వయంగా నడిపించే కళాశాలనే ఎంచుకోండి. అద్దాల వెనుక నుంచి చూపించి పంపేవీ లేకపోలేదు. తర్వాత ఈ రంగంలో శిక్షణ కోర్సులు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఓహెచ్‌టీఏ వారి ప్రమాదకర పదార్థాల కొలతల కోర్సు చేయవచ్చు. ఏఎఫ్‌ఐహెచ్ (అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్) అనే కోర్సు పేరు కూడా మీ చెవిన పడవచ్చు. అది ఎంబీబీఎస్ చదివిన వైద్యుల కోసం ఉద్దేశించినది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధన ప్రకటనలను గమనిస్తూ ఉండండి.

ఇక మీ అమ్మగారు వాడే సర్జికల్ మాస్కు ఈ ఆవిరిని ఆపదు. తొట్టెకు మూత, ఆవిరిని పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్ట్ ఉన్నాయో లేదో కనుక్కోండి. ఏ పని చేస్తుండగా, ఏ సమయంలో కళ్లు మండుతున్నాయో రెండు వారాలపాటు తేదీలతో రాసిపెట్టి, ఆ కాగితాన్ని ఇన్ఫెక్షన్ నియంత్రణ విభాగానికి రాతపూర్వకంగా అందజేయమనండి.