వెంట్రుక మందమంత దూరంలో గురుత్వాకర్షణను ఎలా కొలుస్తారు?

"రెండు వస్తువుల్ని బాగా దగ్గరగా పెట్టి మధ్య బలం కొలిస్తే సరిపోదా, ఇంత హంగామా ఎందుకు" అని అడిగారు కదా. పీజీ ప్రాజెక్టు కోసం కొన్ని నెలలు టోర్షన్ బ్యాలెన్స్ (తీగ మెలిపడేదాన్ని బట్టి అతి చిన్న బలాల్ని కొలిచే పరికరం) ముందు కూర్చున్న అనుభవంతో చెప్తున్నా, బలం కొలవడం ఒక ఎత్తు, అది గురుత్వాకర్షణే అని తేల్చడం ఇంకో ఎత్తు.

పద్ధతి 1798లో కావెండిష్ వాడినదే. సన్నటి టంగ్‌స్టన్ తీగకు లోలకం వేలాడుతుంది, దాని అద్దం మీద పడే లేజర్ ఎంత జరిగిందో చూసి తీగ ఎంత మెలితిరిగిందో లెక్కేస్తాం. మాది మిల్లీమీటర్ల స్థాయి, రికార్డుల జోలికి పోలేదు. కింద ఒక పక్కన బరువున్న పళ్లెం తిరుగుతుంటే చుట్టుకొకసారి తీగ మెలిపడాలి. పడింది, కాకపోతే లెక్కకు మూడు రెట్లు! మూడు వారాలు సంబరమూ టెన్షనూ. చివరికి బరువు తీసేసి ఉత్త పళ్లెం తిప్పితే గ్రాఫ్‌లో అల పెద్దగా తగ్గలేదు. ఇరుసులో ఒక స్టీల్ స్క్రూకి కొంచెం అయస్కాంతత్వం ఉంది, అంతే. ఇత్తడిది వేశాక దారికొచ్చింది.

సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన ఎట్-వాష్ బృందం తెలివి నాకు అప్పుడు అర్థమైంది. 2020లో వాళ్లు చెప్పిన ప్రయోగంలో లోలకం మీదా, కింది పళ్లెం మీదా 120 సార్లు పునరావృతమయ్యే ఒకే నమూనా ఉంటుంది, కాబట్టి ఒక్క చుట్టులో గురుత్వాకర్షణ 120 సార్లు తీగను మెలిపెడుతుంది. నా స్క్రూ లాంటి దొంగలు ఎక్కువగా చుట్టుకొకసారి దగ్గరే దొరికిపోతాయి. రెండింటి మధ్య స్థిరవిద్యుత్తును ఆపడానికి బెరీలియం-కాపర్ రేకు బిగిస్తారు. ఆ రేకు కూడా లోలకాన్ని లాగుతుంది, కానీ కదలదు కాబట్టి ఆ లాగుడు మారదు, పళ్లెంతో పాటు మారేదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

అసలు చిక్కు ఇంకొకటుంది. 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్థాయిలో విలోమ వర్గ నియమం, అంటే దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోవడం, తప్పుతోందా అని చూడాలంటే పళ్లెంలో పైపైన ఉన్న అంత మందం పదార్థమే పనికొస్తుంది, వెనకున్నదంతా దండగ. అందుకే పెద్ద బరువులు పెట్టి లాభం లేదు, ప్లాటినం లాంటి సాంద్రత ఎక్కువున్న లోహపు పల్చటి రేకులు వాడతారు. మధ్యలో ఒక్క నలుసు పడినా అంతా విప్పుకోవాల్సిందే.

పొడవు, వెడల్పు, ఎత్తు కాక అదనపు పరిమాణాలుంటే మిల్లీమీటరు లోపే తేడా కనపడొచ్చని 1998లో ఒక ప్రతిపాదన రావడంతో ఈ వేట ఊపందుకుంది. 52 మైక్రాన్ల దాకా వెళ్లి చూసినా విలోమ వర్గ నియమం ఇప్పటికైతే చెక్కుచెదరలేదు.