అడగండి, చెబుతాం: బోరు నీళ్లకు ఉడకని పప్పు

ప్రశ్న: నల్లా రాని రోజు బోరు నీళ్లతో వండితే కందిపప్పు ఐదు విజిళ్లకు కూడా పలుకుగానే ఉంటోంది. తప్పు పప్పుదా, నీళ్లదా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు అది తేల్చుకోండి. ఒకే డబ్బాలోని పప్పును కొంత నల్లా నీళ్లతో, కొంత బోరు నీళ్లతో విడివిడిగా వండి చూడండి. రెండూ పలుకుగానే ఉంటే పప్పు పాతబడింది. ఎండలోనూ చెమ్మలోనూ నెలల తరబడి నిలవున్న పప్పు గట్టిపడిపోతుంది. బోరు నీళ్లది మాత్రమే ఉడక్కపోతే కారణం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. గింజలోని కణాలను అంటిపెట్టి ఉంచే జిగురు పేరు పెక్టిన్. అది వేడికి కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. కాల్షియం దాన్ని పట్టుకుని కరగనివ్వదు.

బోరు నీళ్లను పది నిమిషాలు మరగనిచ్చి, చల్లారాక పైతేట వంచుకోండి. నీళ్ల కాఠిన్యంలో, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాల్లో, బైకార్బొనేట్ల వాటా తెల్లటి మడ్డిగా అడుగున దిగిపోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చిన వాటా ఎంత మరిగించినా పోదు. అప్పుడు పప్పు వరకైనా ఆర్వో నీళ్లు వాడటమే దారి. గ్లాసు పప్పుకు మూడు గ్లాసులేగా! అరగంట నానబెట్టడం కూడా ఆ నీళ్లతోనే.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదంటారు కానీ, అసలు అడ్డు పులుపు. చింతపండు రసం, టమాటా పప్పు మెత్తబడ్డాకే కలపండి. చిటికెడు తినే సోడా వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే. కానీ బి1 విటమిన్ నశిస్తుంది, సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. మేమైతే వద్దనే అంటాం. ఒక చెంచా నూనె మాత్రం వేయండి. నురగ పొంగి విజిల్ రంధ్రానికి అడ్డుపడకుండా ఉంటుంది.

ప్రశ్న: స్టీలు కెటిల్ అడుగున కట్టిన తెల్లటి పొర తోమితే రావడం లేదు. – ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: పీచుతో గీకకండి. అది పైన చెప్పిన మడ్డే, గట్టిపడి కాల్షియం కార్బొనేట్ పొరగా మారింది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు రెండు పెద్ద చెంచాలు లీటరు వేడినీళ్లలో కలిపి, కెటిల్‌లో పోసి అరగంట ఉంచండి. బుడగలు వస్తున్నాయంటే పొర కరుగుతున్నట్టే. పారబోసి కడిగి, మంచినీళ్లు ఒకసారి కాచి అవీ పారబోయండి.

రెండు జాగ్రత్తలు. నిమ్మ ఉప్పు నీళ్లు షాబాదు బండల మీద, పాలరాతి గట్టు మీద ఒలకనివ్వకండి. అవీ సున్నపు జాతి రాళ్లే, మెరుపు పోయి మచ్చ పడుతుంది. బ్లీచింగ్ పౌడరుతో అస్సలు కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

ప్రశ్న: ఉల్లిపాయ కోసేటప్పుడు కళ్లు మండకుండా ఉండాలంటే? – ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కోయడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. కణాలు చితికినప్పుడు పుట్టే గంధకపు వాయువే కళ్లను మండిస్తుంది. చల్లగా ఉంటే అది తక్కువగా లేస్తుంది. కత్తి పదునుగా ఉంటే చితికే కణాలూ తగ్గుతాయి. వేరు వైపు భాగం చివర్లో కోయండి.